టీలో తీపి బిళ్ళ

(మహిళల సాయంత్రపు చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు పలకలు, వాచకాలు పక్కన పెట్టండి. చాపలు కొంచెం దగ్గరగా లాక్కోండి. వెనక ఉన్నవాళ్ళకు వినపడకపోతే చెయ్యి ఎత్తండి. ఈ రోజు మనం తీపి గురించి మాట్లాడుకుందాం. తీపి అంటే పంచదార కాదు. బెల్లం కాదు. పంచదార లేకుండానే వచ్చే తీపి.

ఈ మాట ఎందుకు ఎత్తానో చెబుతాను. పోయిన వారం ఒక పెద్దమ్మ నన్ను ఆపి అడిగింది. ఆమె ఇక్కడే కూర్చుంది. పేరు చెప్పను. ఆమెకు షుగరు జబ్బు వచ్చి ఆరేళ్ళు అయింది. పట్నంలో ఉన్న కొడుకు ఒక చిన్న డబ్బా కొని ఇచ్చాడు. డబ్బా నొక్కితే మిరియపు గింజంత బిళ్ళ టీలో పడుతుంది. టీ తియ్యగా అవుతుంది. రెండేళ్ళుగా ఆమె అదే వాడుతోంది.

"టీచరమ్మా, మనవడి సెల్లులో ఎవరో చెబుతున్నాడు. ఆ బిళ్ళ వేసుకుంటే గుండె ఆగిపోతుందట. నాకు భయం వేసింది. డబ్బా పెంట మీద పారేశాను. మళ్ళీ పంచదారే వేసుకుంటున్నాను. మంచి పనేనా?" అని అడిగింది.

ఇంకొక అక్క సంగతి ఇంతకంటే భయం పుట్టించేది. ఆమె కూడా ఆ మాటే విన్నది. కానీ ఆమె చెవిలో పడింది "షుగరు మాత్రలు గుండెకు చెడ్డవి" అని. ఆమె దగ్గర తీపి బిళ్ళలు లేవు. ఉన్నవి షుగరు జబ్బుకు డాక్టరు రాసిన మందు మాత్రలు. ఆమె వాటినే మానేసింది! నాలుగు రోజులు వేసుకోలేదు. నోరు ఎండిపోతోందని, కళ్ళు మసకలుగా ఉన్నాయని పడుకుంటే, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి కనిపెట్టింది.

చూశారా? ఒకే మాట రెండు ఇళ్ళలోకి రెండు రకాలుగా వెళ్ళింది. రెండు ఇళ్ళలోనూ చెరుపే చేసింది. అందుకే ఇది పెద్ద మీటింగులో చెప్పవలసిన సంగతి అనుకున్నాను. నేను డాక్టరును కాను. టీచరు ట్రైనింగు చేసినదాన్ని. మన ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని అడిగాను. దొరికినవి చదివాను. తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

మొదట రెండు డబ్బాలు విడదీద్దాం.

ఇదిగో, ఇది మందు. దీని మీద మెట్‌ఫార్మిన్ అని రాసి ఉంది. రక్తంలో పెరిగిన పంచదారను తగ్గించడానికి డాక్టరు ఇస్తారు. దీన్ని నీళ్ళతో మింగుతాం. దీన్ని మన ఇష్టప్రకారం మానకూడదు. పెంచకూడదు. పక్కింటి వాళ్ళకు ఇవ్వకూడదు.

ఇది రెండోది. తీపి బిళ్ళ. ఇది మందు కాదు. జబ్బును తగ్గించదు. నాలుకకు తీపి రుచి ఇస్తుంది. అంతే. ఈ రెండింటినీ మన వాళ్ళు "షుగరు మాత్ర" అనే పిలుస్తారు. అదే తంటా తెచ్చింది. ఇవాళ్టి నుంచి ఒకదాన్ని "షుగరు మందు" అందాం. రెండోదాన్ని "తీపి బిళ్ళ" అందాం. ఇంట్లో కూడా అలాగే పిలవండి.

ఇప్పుడు ఈ తీపి బిళ్ళ కథ.

మన నాలుక మీద తీపిని పట్టుకునే చిన్న చిన్న గూళ్ళు ఉంటాయి. కంటికి కనపడవు. పంచదార వచ్చి ఆ గూట్లో కూర్చుంటే "తీపి" అని మెదడుకు కబురు వెళ్తుంది. పంచదార కాని కొన్ని రసాయనాలు కూడా ఆ గూట్లో కూర్చోగలవు. అవి ఒంటికి బలం ఇవ్వవు. ఇచ్చినా లెక్కలోకి రాదు. కానీ నాలుకను నమ్మిస్తాయి.

వీటిలో పాతది శాక్రిన్. మీలో పెద్దవాళ్ళు పేరు విని ఉంటారు. కొన్ని ఐసు పుల్లల్లో, సోడాల్లో వేసేవాళ్ళు. చీకుతుంటే తీపి, చివర్లో కొంచెం చేదు. అదే ఇది. దీన్ని 1879లో అమెరికాలో కనిపెట్టారు. ఫాల్‌బర్గ్ అనే ఆయన పరిశోధన శాలలో పని చేసి ఇంటికి వెళ్ళాడు. రాత్రి భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా ఉంది. ఎందుకని చూస్తే తీపి రొట్టెది కాదు, ఆయన చేతిది. చేతులు సరిగా కడుక్కోకుండా తిన్నాడన్న మాట! ఆయనకు కలిసి వచ్చింది. మనం మాత్రం సబ్బుతో కడుక్కునే తిందాం.

శాక్రిన్ పంచదార కంటే 300 రెట్లకు పైగా తీపి. తరువాత 1965లో ఆస్పర్టేమ్ వచ్చింది. అది 200 రెట్లు తీపి. 1976లో సుక్రలోజ్ వచ్చింది. అది 600 రెట్లు.

ఈ సుక్రలోజ్ కథ మీకు తప్పకుండా చెప్పాలి. లండనులో మన దేశం నుంచి చదువుకోవడానికి వెళ్ళిన కుర్రవాడు ఒకాయన ఉన్నాడు. శశికాంత్ ఫడ్నిస్. ఆయనను పై అధికారి ఒక పొడిని "టెస్ట్" చెయ్యమన్నారు. అంటే పరీక్ష చెయ్యమని. ఈయనకు "టేస్ట్" అని వినపడింది. అంటే రుచి చూడమని. నాలుక మీద వేసుకున్నాడు. తియ్యగా ఉంది! తెలియని పొడిని నోట్లో పెట్టుకుంటే చచ్చిపోయేవాడు కూడా. ఎత్వానికి, ఏత్వానికి తేడా ఏముంది టీచరమ్మా అని మీరు నన్ను అడుగుతుంటారే, ఇదీ తేడా.

600 రెట్లు తీపి అంటే ఏమిటో లెక్క చూద్దాం. 600 గ్రాముల పంచదార ఇచ్చే తీపిని 1 గ్రాము పొడి ఇస్తుంది. అంత తక్కువ పొడిని చేత్తో పట్టుకోలేం కదా. అందుకని వేరే పొడి కలిపి బిళ్ళ చేస్తారు.

సరే. ఇప్పుడు గుండె సంగతికి వద్దాం.

గుండె రోజంతా రక్తాన్ని తోడి ఒళ్ళంతా పంపిస్తుంది. ఆ గుండెకు కూడా రక్తం కావాలి. దానికి వేరే సన్నని గొట్టాలు ఉన్నాయి. పొలానికి నీళ్ళు వచ్చే పిల్ల కాలువలను తలుచుకోండి. కాలువలో పూడిక పడితే చివరి మడికి నీళ్ళు అందవు. అలాగే ఈ గొట్టాల్లో కొవ్వు పూడిక పడుతుంది. దాని మీద రక్తం గడ్డ కడితే దారి మూసుకుపోతుంది. గుండెలో మూసుకుంటే గుండెపోటు. మెదడులో మూసుకుంటే పక్షవాతం.

షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు ఈ పూడిక తొందరగా పడుతుంది. రక్తంలో పంచదార ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే గొట్టాల గోడలు చెడిపోతాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు జబ్బు ఉందని భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ లెక్క. అది 2023లో బయటికి వచ్చింది. కాబట్టి పంచదార తగ్గించమని డాక్టర్లు ఊరికే చెప్పరు.

పంచదార తగ్గిస్తే గుండెకు మంచిది. మరి పంచదార బదులు తీపి బిళ్ళ వేసుకుంటే కూడా గుండెకు మంచే కదా? అందరూ చాలా కాలం అలాగే అనుకున్నారు. డబ్బాల మీద గుండె బొమ్మ వేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ లెక్కలు తీస్తే అంత సులువుగా తేలలేదు.

అమెరికాలో ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళను 81,714 మందిని డాక్టర్లు సగటున 12 ఏళ్ళు గమనించారు. వయసు 50 నుంచి 79. అంటే మన పెద్దమ్మల ఈడు వాళ్ళు. పంచదార లేని తీపి కూల్‌డ్రింకులు వాళ్ళలో ఎవరు ఎన్ని తాగుతున్నారో అడిగి రాసుకున్నారు. రోజుకు రెండు, అంతకంటే ఎక్కువ తాగేవాళ్ళకు పక్షవాతం ఎక్కువ వచ్చింది. దాదాపు తాగనివాళ్ళలో 100 మందికి వస్తే, వీళ్ళలో 123 మందికి వచ్చినట్టు. గుండె జబ్బు 129 మందికి వచ్చినట్టు. ఈ సంగతి 2019లో అచ్చు వేశారు.

తరువాత ఫ్రాన్సు దేశం వాళ్ళు ఇంకా పెద్ద లెక్క తీశారు. లక్షా 3 వేల మందిని తొమ్మిదేళ్ళు చూశారు. వాళ్ళు తినేది ఏమిటో, ఏ రకం తీపి ఎంత వేసుకుంటారో కంపెనీ పేరుతో సహా రాయించారు. 2022లో ఫలితం చెప్పారు. అంకెలు నల్లబల్ల మీద రాస్తున్నాను. మీరు చదవండి.

లక్ష మందిని ఒక ఏడాది చూస్తే, తీపి బిళ్ళలు వాడనివాళ్ళలో 314 మందికి గుండె జబ్బో పక్షవాతమో వచ్చింది. ఎక్కువ వాడేవాళ్ళలో 346 మందికి వచ్చింది.

346లో 314 తీసేయండి. ఎంత? 32. సరిగా చేశారు.

లక్ష మందికి ఏడాదికి 32 మంది ఎక్కువ. ఈ అంకెను బాగా చూడండి. సున్నా కాదు. అలాగని బిళ్ళ వేసుకున్నవాళ్ళందరికీ గుండె ఆగిపోలేదు. సెల్లులో చెప్పిన ఆయన ఈ 32 సంగతి చెప్పలేదు. "గుండెపోటు ఖాయం" అన్నాడు. భయపెడితే జనం చూస్తారు, చూస్తే అతనికి డబ్బులు వస్తాయి. అది అతని బేరం. మన బేరం అది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. దీన్ని నిదానంగా వినండి.

మన ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు బండి ఎవరి ఇంటి ముందు ఎక్కువ ఆగుతుంది? జబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు. కొత్తగా ఊరికి వచ్చినవాడు చూసి "ఈ బండి ఆగిన ఇళ్ళలోనే జబ్బులు ఉన్నాయి, కాబట్టి బండే జబ్బు తెస్తోంది" అంటే మీరు నవ్వరా? తీపి బిళ్ళ కూడా కొంత అలాంటిదే. దాన్ని ఎవరు కొంటారు? షుగరు వచ్చినవాళ్ళు. ఒళ్ళు వచ్చినవాళ్ళు. ఇంట్లో ఎవరికో గుండెపోటు వచ్చి భయపడినవాళ్ళు. వాళ్ళకు గుండె జబ్బు వచ్చే అవకాశం ముందే ఎక్కువ. మరి జబ్బు బిళ్ళ వల్ల వచ్చిందా, ముందునుంచీ ఉన్న షుగరు వల్ల వచ్చిందా? ఈ లెక్కలు తీసినవాళ్ళకు కూడా ఈ అనుమానం తెలుసు. వయసు, బరువు, పొగ తాగడం, అన్నీ విడదీసి లెక్క వేశారు. అయినా పూర్తిగా విడదీయడం కుదరదు. అందుకే వాళ్ళు "బిళ్ళ వల్లే వచ్చింది" అని రాయలేదు. "బిళ్ళ వాడేవాళ్ళలో ఎక్కువగా కనపడింది" అని రాశారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు.

అయితే అంతా బండి కథే అని తోసెయ్యడానికి కూడా లేదు. ఒక పరీక్ష ఉంది.

డెంగీ జ్వరం వచ్చినప్పుడు "ప్లేట్‌లెట్లు పడిపోయాయి" అంటారు కదా. ఆ ప్లేట్‌లెట్లు రక్తంలో తిరిగే చిన్న చిన్న ముక్కలు. కోత కోస్తుంటే కొడవలి వేలికి తగిలిందనుకోండి. ఇవే వచ్చి ఒకదానికొకటి అతుక్కుని రక్తం ఆపుతాయి. అది మంచి పని. కానీ గాయం లేకుండానే గొట్టం లోపల అతుక్కుంటే? అదే గడ్డ.

ఎరిత్రిటాల్ అని ఒక తీపి పొడి ఉంది. చూడడానికి అచ్చం పంచదార లాగే ఉంటుంది. తీపి మాత్రం పంచదార కంటే కొంచెం తక్కువ. అందుకని చిటికెడు చాలదు, చెంచాలు చెంచాలు పోస్తారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో పెద్ద ఆసుపత్రి డాక్టర్లు దీన్ని పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మందికి 30 గ్రాములు నీళ్ళలో కలిపి ఇచ్చారు. రక్తంలో ఆ పొడి బాగా పెరిగింది. రెండు రోజులు దాటినా పూర్తిగా దిగలేదు. అంత పొడి కలిసినప్పుడు ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుంటున్నాయని కూడా చూశారు. ఇది 2023లో చెప్పారు. మరుసటి ఏడాది జైలిటాల్ అనే ఇంకో తీపి గురించీ ఇలాంటి మాటే చెప్పారు. పరీక్షకు కూర్చున్నది కొద్దిమందే. దాంతోనే తీర్పు ఇవ్వలేం. కానీ దారి ఒకటి కనపడింది.

మన పెద్దమ్మ పారేసిన డబ్బాలో ఉన్నది ఇది కాదు. నేను వెళ్ళి ఆ డబ్బా తీసి చూశాను. అది సుక్రలోజ్. ఒక బిళ్ళలో కొన్ని మిల్లీగ్రాములే ఉంటుంది. 30 గ్రాములు ఎక్కడ, మిల్లీగ్రాములు ఎక్కడ! కానీ "ఆకు తీపి, సహజం" అని అమ్మే కొన్ని మధుపత్రి పొడుల్లో ఎరిత్రిటాలే ఎక్కువ పాలు ఉంటుంది. మధుపత్రి చిటికెడే ఉంటుంది. పైన ఆకు బొమ్మ పెద్దగా వేస్తారు. లోపల ఉన్నది ఏమిటో చిన్న అక్షరాల్లో వేస్తారు. నాకు ఇది మోసం లాగే అనిపిస్తుంది.

ఒక అక్క ఇప్పుడు "మరి క్యాన్సరు వస్తుందట కదా" అంటోంది. ఆస్పర్టేమ్ గురించి 2023 జులైలో ఆ మాట వచ్చింది. క్యాన్సరు తెచ్చే అవకాశం ఉండవచ్చు అనే జాబితాలో దాన్ని పెట్టారు. అదే రోజు ఆహారం సంగతి చూసే ఇంకో సంఘం వాళ్ళు, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు అయితే పరవాలేదు అనే పాత లెక్కనే ఉంచారు. 50 కిలోల మనిషికి ఎంత? 50 ని 40తో గుణించండి. 2000 మిల్లీగ్రాములు. రోజుకు మూడు నాలుగు బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఆ దరిదాపులకు కూడా వెళ్ళరు. ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఇలాంటి లెక్కలు చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో ఒక సలహా ఇచ్చింది. ఒళ్ళు తగ్గడానికని, గుండె జబ్బు, షుగరు రాకుండా ఉండాలని ఈ తీపి పదార్థాలు వాడవద్దు అంది. కొద్ది రోజులు బరువు కాస్త తగ్గినా, కాలం గడిచేకొద్దీ లాభం కనపడలేదు. నష్టం ఉండవచ్చు అని అనుమానం. కానీ ఆ సలహాలోనే ఇంకో వాక్యం ఉంది. సెల్లులో ఆయన అది మింగేశాడు. ఈ సలహా ఇప్పటికే షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు వర్తించదు.

పెద్దమ్మా, విన్నావా? ఆ వాక్యం నీకోసమే.

షుగరు ఉన్న మనిషికి టీలో రెండు చెంచాల పంచదార చేసే చెరుపు మనకు బాగా తెలిసినది. తీపి బిళ్ళ చేస్తుందేమో అన్న చెరుపు ఇంకా తేలనిది. తేలని చెరుపుకు భయపడి తెలిసిన చెరుపును నెత్తికి ఎత్తుకోకూడదు. కాబట్టి పంచదారకు వెనక్కి వెళ్ళవద్దు. రోజుకు ఒకటి రెండు బిళ్ళలు వేసుకునేవాళ్ళు రాత్రికి రాత్రి కంగారు పడనక్కర్లేదు. ఈసారి షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డబ్బా తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించండి. గుండెపోటు వచ్చి మందులు వాడుతున్నవాళ్ళు కూడా అలాగే చెయ్యండి.

షుగరు లేనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ఈ బిళ్ళతో పని లేదు. డబ్బు దండగ. "జీరో" అని రాసిన కూల్‌డ్రింకు తాగితే గుండెకు మంచిదని కుర్రాళ్ళు అంటుంటారు. మంచినీళ్ళు తాగితే ఏమైంది? మజ్జిగ తాగితే ఏమైంది?

కొందరు "పంచదార వద్దు, బెల్లం టీ తాగుతాను, బెల్లం మంచిది" అంటారు. బెల్లం మన అనకాపల్లిదైనా సరే, చెరకు నుంచి వచ్చిందే. షుగరు ఉన్నవాళ్ళకు పంచదార ఎంతో బెల్లం అంతే. తేనె కూడా అంతే. ఈ మాట చెబితే మా అమ్మ కూడా ఒప్పుకోదు.

అసలు దారి నాలుకను మెల్లగా మార్చుకోవడం. పంచదార వేసుకునేవాళ్ళు లెక్క చూసుకోండి. రోజుకు నాలుగు టీలు. ఒక్కోదాంట్లో రెండు చెంచాలు. మొత్తం 8 చెంచాలు. చెంచా 5 గ్రాములు అనుకుంటే 40 గ్రాములు. నెలకు కిలో 200 గ్రాములు. ఒక్క మనిషికి, ఒక్క టీలోనే! రోజుకు 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అది టీ, మిఠాయి, కూల్‌డ్రింకు అన్నీ కలిపి. అది కూడా జబ్బు లేని మనిషికి.

ఒక్కసారి మానెయ్యమంటే ఎవరూ మానరు. మొదటి వారం రెండు చెంచాలను ఒకటిన్నర చెయ్యండి. రెండు వారాలు పోయాక ఒకటి. తరువాత అర. మధ్యలో అల్లం, ఏలకులు దంచి వెయ్యండి. ఒకటి రెండు నెలల్లో నాలుక సర్దుకుంటుంది. తరువాత ఎవరింట్లోనో మామూలు టీ ఇస్తే "ఇదేమిటి పాకంలా ఉంది" అని మీరే అంటారు. బిళ్ళలు వేసుకునేవాళ్ళూ ఇలాగే తగ్గించుకోవచ్చు. రెండు బిళ్ళల వాళ్ళు ఒకటికి రండి.

ఇంకో సంగతి. ఆస్పర్టేమ్ ఉన్న బిళ్ళను పొయ్యి మీద మరిగించవద్దు. వేడికి విరిగి తీపి పోతుంది. పాయసంలో వేసి తీపి రాలేదని ఇంకో పది వెయ్యకండి. పుట్టుకతోనే ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బు ఉన్న పిల్లలకు ఆస్పర్టేమ్ అసలు పనికిరాదు. మామూలు పిల్లలకు కూడా ఏ తీపి బిళ్ళా పెట్టవద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరును, నర్సమ్మను అడగకుండా వాడవద్దు.

గుండె గురించి మాట్లాడుతూ ఒక్క బిళ్ళనే పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ ఉన్నవాళ్ళలో ముగ్గురు నలుగురు చుట్ట కాలుస్తారు. అడ్డపొగ. నిప్పు నోట్లో పెట్టుకుని. నాకు తెలుసు, దాచకండి. బిళ్ళ మీద ఉన్నది అనుమానం. పొగాకు మీద అనుమానం లేదు, అది గుండెను చెడగొడుతుంది. ఆవకాయలో, ఎండుచేపలో ఉప్పు బీపీని పెంచుతుంది. బీపీ పెరిగితే గుండె మీద బరువు. తీపి బిళ్ళ పారేసిన చేత్తోనే చుట్ట వెలిగిస్తే ఏం లాభం చెప్పండి?

గుండెపోటు ఆడవాళ్ళకు ఒక్కోసారి వేరుగా వస్తుంది. సినిమాలో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోవడమే కాదు. ఆయాసం, చెమటలు, వాంతి, దవడ నొప్పి, వీపు నొప్పి, ఎప్పుడూ లేనంత నీరసం. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పే తెలియకపోవచ్చు. "గ్యాసు" అనుకుని వాము నీళ్ళు తాగి పడుకోవద్దు. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం. రెండింటికీ వెంటనే 108 కి ఫోను చెయ్యండి. మగవాళ్ళు పొలం నుంచి వచ్చాక చూద్దాం అని ఆగకండి. అంకెలు నొక్కడం మీకు వచ్చు.

ఇక డబ్బాలు చదవడం. ఇక్కడ నాకు ఒక కోపం ఉంది. మీరు కష్టపడి తెలుగు నేర్చుకున్నారు. డబ్బా తిప్పితే అంతా ఇంగ్లీషు. డబ్బా మీద ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాస్తే చాలునని మన నిబంధన. తెలుగులో కూడా రాయాలన్న బలవంతం లేదు. తెలుగు దేశంలో అమ్మే సరుకు మీద తెలుగు ఎందుకు ఉండకూడదు? దీని మీద మనం ఒక అర్జీ రాద్దాం. అది వచ్చే వారం పాఠం.

అందాకా ఒక ఉపాయం ఉంది. అంకెలు. తినే వస్తువుల్లో కలిపే ఒక్కో పదార్థానికి ఒక్కో నంబరు ఉంటుంది. చాలా ప్యాకెట్ల మీద పేరు బదులుగా గానీ, పేరు పక్కన గానీ ఆ నంబరు వేస్తారు. నల్లబల్ల మీద రాస్తున్నాను. నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి.

950 అంటే ఎసిసల్ఫేమ్. 951 ఆస్పర్టేమ్. 954 శాక్రిన్. 955 సుక్రలోజ్. 960 మధుపత్రి నుంచి తీసినది. 967 జైలిటాల్. 968 ఎరిత్రిటాల్.

రాసుకున్నారా? పోయిన వారం ఖాళీ ప్యాకెట్లు, సీసాలు తెమ్మన్నాను కదా. ఈ బుట్టలో ఉన్నాయి. కూల్‌డ్రింకు సీసాలు, వక్కపొడి పొట్లాలు, బిస్కెట్ల అట్టలు, పెద్దమ్మ డబ్బా, అన్నీ కలిపేశాను. ఒక్కొక్కరూ ఒకటి తీసుకోండి. దీపం దగ్గరకు రండి, అంకెలు మరీ సన్నగా ఉన్నాయి. కళ్ళజోడు లేనివాళ్ళు పక్కన కూర్చున్న అమ్మాయిని అడగండి. 950 నుంచి 968 లోపు నంబరు ఏదైనా ఎవరికి దొరికితే వాళ్ళు లేచి నిలబడి గట్టిగా చదవండి.